ఆరంగుళాల విమానంలో మూడు సీమల చరిత్ర



అత్తిబెలె దాటితే హోసూరు. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు. బోర్డుల మీద భాష మారుతుంది గానీ, గీతకు అటూ ఇటూ చాలా ఇళ్ళలో వినిపించేది తెలుగే. 1940 నాటికి ఈ గీత మైసూరు రాజ్యానికీ, మద్రాసు ప్రెసిడెన్సీకీ మధ్య ఉండేది. అత్తిబెలె మైసూరుది. హోసూరు, చిత్తూరు, అనంతపురం మద్రాసువి. ఉత్తరాన తెలంగాణ నిజాం పాలనలో ఉండేది. ఆనాటి తెలుగువాడు ఎక్కడ పుట్టాడన్న దాన్నిబట్టి ముగ్గురు ఏలికల్లో ఒకరికి శిస్తు కట్టేవాడు.

మైసూరు, మద్రాసు, హైదరాబాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ మూడు పేర్లతోనూ ఇంగ్లండు ఆకాశంలో యుద్ధవిమాన దళాలు ఎగిరాయి. ఆ విమానాలలో ఒకదాని నమూనాను ఇంట్లో మన చేతులతో చేసి, రంగు వేయడం ఎలాగో ఈవేళ చెప్పుకుందాం. ఆకారం చెక్కడం ఓర్పు ఉన్నవారికి కష్టం కాదు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చరిత్ర తెలియాలి. యుద్ధవిమానం ఏ ఏడాదిది, ఏ దేశం మీద ఎగిరింది, ఎవరి సొమ్ముతో వచ్చింది అన్న సంగతులన్నీ దాని రంగులోనే ఉంటాయి.

ముందు కొలత. నమూనాలు చేసేవారు ఎక్కువగా వాడేది డెబ్భై రెండో వంతు కొలత. ఈ వింత అంకె ఎక్కడిదని అడుగుతారేమో. ఆరడుగులంటే డెబ్భై రెండు అంగుళాలు. ఆరడుగుల మనిషిని ఒక అంగుళం బొమ్మగా చేస్తే అది డెబ్భై రెండో వంతు. అడుగులు, అంగుళాలు వాడే ఇంగ్లండులో ఈ లెక్క సులువుగా కుదిరింది. 1930లలో అక్కడ ఈ కొలతలో చెక్క నమూనాలు అమ్మేవారు. 1936లో ఫ్రాగ్ అనే సంస్థ పెంగ్విన్ పేరుతో ప్లాస్టిక్ నమూనాల పెట్టెలను ఇదే కొలతలో తెచ్చింది.

యుద్ధం వచ్చాక ఈ ఆటవస్తువు అక్కరకొచ్చింది. 1942లో అమెరికా నౌకాదళం తమ దేశంలోని బడిపిల్లలను డెబ్భై రెండో వంతు కొలతలో చెక్క విమానాలు చేసి పంపమని కోరింది. పిల్లలు లక్షల సంఖ్యలో చేశారు. వాటికి నల్లరంగు పూసి, ఎత్తుగా పట్టుకుని, ఇది మనదా, శత్రువుదా అని సిపాయిలకు పరీక్ష పెట్టేవారు. ఆకాశంలో వచ్చే విమానాన్ని గుర్తుపట్టడంలో పొరబడితే సొంతవాడినే కాల్చుకోవలసి వస్తుంది. బొమ్మ సరిగ్గా ఉండాలన్న పట్టుదల అక్కడినుంచి వచ్చినదే.

మనం చేసుకోబోయేది స్పిట్‌ఫైర్. ఆర్. జె. మిచెల్ అనే ఇంజనీరు రూపకల్పన. మొదటిసారి 1936 మార్చి 5న ఎగిరింది. మరుసటి ఏడాదే మిచెల్ కన్నుమూశాడు. తన విమానం యుద్ధంలో ఏం చేసిందో ఆయన చూడలేదు. అసలు విమానం రెక్కల చివరినుంచి చివరికి 36 అడుగుల 10 అంగుళాలు. డెబ్భై రెండో వంతు చేస్తే ఆరంగుళాల పైన కాస్త. పొడవు దాదాపు 30 అడుగులు, అంటే మన బొమ్మ ఐదంగుళాలు. రెండు అరచేతులలో ఒదిగిపోతుంది.

ప్లాస్టిక్ పెట్టె దొరికితే సరే. దొరక్కపోయినా దిగులు లేదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్కలాంటి తేలికైన, పీచు లేని చెక్క ఏదైనా పనికొస్తుంది. విమానాన్ని పక్కనుంచి చూసిన బొమ్మ ఒకటి, పైనుంచి చూసిన బొమ్మ ఒకటి కొలతకు తగ్గట్టు కాగితం మీద గీసుకోండి. చెక్కకు అంటించి, ముందు పక్క గీత వెంట, తర్వాత పై గీత వెంట రంపంతో కోయండి. మూలలు చాకుతో గుండ్రం చేయండి. రెక్కలు పలుచటి చెక్కతో వేరుగా కోయాలి. స్పిట్‌ఫైర్ రెక్క మర్రి ఆకులా అంచులు గుండ్రంగా తిరిగి, కొసకు సన్నబడుతుంది. అతికించేటప్పుడు రెక్కల కొసలు కొంచెం పైకి లేచేలా చూడండి. బల్లపరుపుగా అతికిస్తే ఎంత బాగా చెక్కినా స్పిట్‌ఫైర్ కళ రాదు.

అతుకుల దగ్గర సందులు పడతాయి. కొండపల్లి కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఆ సందులు పూడుస్తారు. మన విమానానికీ అదే మందు. ఆరాక గరుకు కాగితంతో, ముందు ముతకది, తర్వాత సన్నది, వేలికి ఏమీ తగలనంతవరకు రుద్దండి. రెక్కల ముందు అంచున, ఒక్కో రెక్కకు ఒకటి చొప్పున, గుండుసూది ముక్క గుచ్చితే అవి ఫిరంగులు అవుతాయి. మొదటి స్పిట్‌ఫైర్లకు ఎనిమిది మెషీన్‌గన్లు మాత్రమే ఉండేవి. తర్వాత వచ్చిన ఐదో రకంలో ఎక్కువ వాటికి ఈ ఫిరంగులు బయటికి పొడుచుకు వచ్చి కనిపిస్తాయి.

ఇక రంగు. నిగనిగలాడే రంగు కొనకండి. ఎండలో మెరిసే విమానం శత్రువు కంటికి ఆమడ దూరం నుంచే పడుతుంది. అందుకే యుద్ధవిమానాలకు మెరుపు లేని రంగు పూసేవారు. మన బొమ్మకూ అదే కావాలి. పలుచగా కలిపి, ఒక పూత ఆరాక మరో పూత వేయండి. చిక్కగా ఒకేసారి పూస్తే చెక్కిన వంపులన్నీ పూడిపోతాయి. ముందు పొట్టకింద లేత రంగు, తర్వాత వీపున ముదురు రంగు. ఇంకొక కిటుకు. దూరపు కొండ మసకగా కనిపిస్తుంది కదా. చిన్న బొమ్మ కూడా కంటికి దూరంలో ఉన్న విమానంలాంటిదే. అందుకని ప్రతి ముదురు రంగులో చుక్క తెలుపు కలిపితే సహజంగా కనిపిస్తుంది.

ఏ రంగు వేయాలన్నది తర్వాతి ప్రశ్న. 1940 వేసవిలో, బ్రిటన్ మీద జర్మనీ విమానాలు విరుచుకుపడినప్పుడు, స్పిట్‌ఫైర్ వీపున మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ పట్టీలుగా ఉండేవి. పైనుంచి చూసే శత్రువుకు అవి ఇంగ్లండు పొలాలలో కలిసిపోవాలి. ఏడాది తిరిగేసరికి యుద్ధం తీరు మారింది. బ్రిటిషు విమానాలే సముద్రం దాటి ఫ్రాన్సు మీదికి వెళ్ళసాగాయి. నీటిమీద మట్టిరంగు దాగదు. అందుకని 1941 ఆగస్టులో మట్టిరంగు స్థానంలో బూడిదరంగు వచ్చింది. పొట్టకింద కూడా బూడిదరంగే. మీ బొమ్మ వీపున గోధుమ మట్టిరంగు ఉంటే అది ఇల్లు కాచుకున్న విమానం. బూడిద ఉంటే దండెత్తి వెళ్ళిన విమానం.

మన మైసూరు దళం కథ సరిగ్గా ఈ మలుపులో మొదలవుతుంది. 1941 జూన్‌లో ఇంగ్లండులోని లెకన్‌ఫీల్డ్‌లో 129వ దళం ఏర్పడింది. దానికి మైసూరు అని పేరు పెట్టారు. చిహ్నంగా గండభేరుండాన్ని ఇచ్చారు. రెండు తలల ఆ పక్షి మనకు కొత్తది కాదు. విజయనగరంలో అచ్యుతరాయల నాణేల మీద ఉంది. మైసూరు రాజుల ముద్రగా నిలిచి, ఈనాడు కర్ణాటక ప్రభుత్వ చిహ్నంలో ఉంది. ఆనేకల్లు తాలూకా కచేరీకి వెళ్ళి కాగితం తెచ్చుకున్నవారు దాన్ని చూసే ఉంటారు. 1942 ఆగస్టు 19న ఫ్రాన్సు తీరంలోని డియెప్ రేవు మీద దాడి జరిగినప్పుడు గండభేరుండ దళం స్పిట్‌ఫైర్లు ఆ ఆకాశంలో ఉన్నాయి.

గండభేరుండం ఉంది కదా అని బొమ్మ విమానం రెక్కమీద పెద్దగా వేసేయకండి. దళ చిహ్నాలు కాగితాల మీద, దళం గోడల మీద ఉండేవి. యుద్ధకాలంలో విమానాల పక్కన సాధారణంగా కనిపించేవి సంకేతాక్షరాలే. 129వ దళానికి డి, వి అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన ఆ విమానానికి వేరుగా ఒక అక్షరం. గండభేరుండాన్ని వేయాలనుకుంటే విమానం నిలబెట్టే పీట మీద వేయండి. అక్కడ అందం, నిజం రెండూ నిలుస్తాయి.

విమానం పక్కన గుండ్రటి గుర్తు వేయాలి. 1941 నాటి గుర్తులో బయటినుంచి లోపలికి పసుపు, నీలం, తెలుపు, నడుమ ఎరుపు. పట్టీలన్నీ సమాన వెడల్పు. అసలు గుర్తు అడ్డకొలత 35 అంగుళాలు, మన బొమ్మకు దాదాపు అర అంగుళం. కాగితం మీద వృత్తలేఖినితో గీసి, రంగు వేసి, కత్తిరించి అంటించడం తేలిక. 1942 జూలై నుంచి పసుపును, తెలుపును సన్నని గీతలుగా తగ్గించారు. మరీ కొట్టొచ్చినట్టు కనబడకూడదని. అంటే ఆ అర అంగుళం చూసి కూడా తెలిసినవారు ఏడాది చెప్పేస్తారు.

ఇక మద్రాసు. అప్పట్లో ఒక స్పిట్‌ఫైర్ కానుకగా ఇవ్వాలంటే 5 వేల పౌన్లు అని బ్రిటిషు ప్రభుత్వం వెల కట్టింది. నిజానికి అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ. ఆనాటి మారకం ప్రకారం అది దాదాపు 67 వేల రూపాయలు. విమానం ఇచ్చినవారి పేరు దాని ముక్కు పక్కన రాసేవారు. దళానికి సరిపడా సొమ్ము ఇస్తే దళానికే పేరు పెట్టేవారు. అలా మద్రాసు ప్రెసిడెన్సీ పేరు పొందిన దళాలలో 234వది ఒకటి. అదీ స్పిట్‌ఫైర్ దళమే.

ఈ పేరు వెనక ఒక పెద్ద వివాదం ఉంది. 1940 అక్టోబరులో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టారు. ఈ యుద్ధానికి మనిషినీ ఇవ్వవద్దు, డబ్బూ ఇవ్వవద్దు అన్నదే దాని నినాదం. ఆ మాట అన్నందుకు వేలమంది జైలుకు వెళ్ళారు. ఆంధ్రలో టంగుటూరి ప్రకాశం పంతులుగారు వారిలో ఒకరు. యుద్ధనిధి వసూళ్ళలో పల్లెల మీద ఒత్తిడి తెస్తున్నారని కాంగ్రెసు వారు ఆనాడే నిరసించారు. ఒకే జిల్లాలో ఒకరి డబ్బు విమానమై ఎగిరింది. ఆ డబ్బు ఇవ్వవద్దన్న మరొకరు జైలులో ఉన్నారు. మద్రాసు పేరు రాసిన బొమ్మను చేసేవారు ఈ రెండు సంగతులూ ఎరిగి చేయాలి.

హైదరాబాదు కథ ఇంకా పాతది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలోనే 110వ దళానికి విమానాలు సమకూర్చాడు. 1918లో ఆ డీహెచ్ నైన్-ఎ విమానాలు, పక్కన హైదరాబాదు పేరు, వరుససంఖ్య రాసుకుని, జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్ళాయి. వాటిలో ఒకటి జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిను ప్రదర్శనశాలకు, తర్వాత పోలండుకు చేరి, 1977లో ఇంగ్లండుకు తిరిగివచ్చింది. ఇప్పుడు లండనులో వైమానికదళ ప్రదర్శనశాలలో ఉంది. నమూనా చేసేవారికి ఇంతకంటే మంచి ఆధారం ఏముంటుంది?

రెండో యుద్ధంలో 152వ దళం, 253వ దళం హైదరాబాదు పేరు ధరించాయి. 253కి హరికేన్లు, 152కి స్పిట్‌ఫైర్లు. 152వ దళం చిహ్నం నిజాం ప్రభువు తలపాగా. దాని కింద నమ్మకమైన మిత్రుడు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. 1940లో ఈ దళం ఇంగ్లండు దక్షిణతీరంలో వార్మ్‌వెల్ నుంచి ఎగిరి పోర్ట్‌లాండ్ రేవును కాచింది. మరి నిజాం ఇచ్చిన సొమ్ము ఎక్కడిది? ప్రభుత్వ ఖజానాది అనుకున్నా, ఆయన సొంత సర్ఫెఖాస్ జమీనులది అనుకున్నా, చివరకు అది తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ రైతులు కట్టిన శిస్తే. తలపాగా చిహ్నమైంది. నాగలికి చోటు లేకపోయింది.

ఈ 152వ దళమే 1943 చివర మన దేశానికి వచ్చి, 1944లో ఇంఫాల్ పోరులోను, బర్మాలోను జపానుతో తలపడింది. ఇక్కడ రంగులో ఒక ముఖ్యమైన మార్పు గమనించాలి. గుండ్రటి గుర్తు నడుమ ఎరుపు లేదు. జపాను విమానం గుర్తు ఎర్రటి సూర్యబింబం. రెప్పపాటులో కాల్చాలా వద్దా తేల్చుకోవలసిన చోట, ఆ ఎరుపు చుక్కను చూసి సొంతవాడే కాల్చవచ్చు. అందుకని 1942లో ఈ ప్రాంతంలో ఎరుపు తీసేశారు. ముదురు నీలం, లేత రంగు మాత్రమే మిగిలాయి. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పుడు మన కోస్తా తీరంలో జనం ఆకాశం వైపు ఎంత భయంగా చూసి ఉంటారో ఊహించుకోండి. ఎర్ర చుక్క అంటే భయమన్నది వారికీ తెలుసు. బర్మాలో ఎగిరిన 152 దళం స్పిట్‌ఫైర్ల పక్కన దూకుతున్న నల్ల చిరుతను వేశారు. నమూనాలు చేసేవారికి ఎంతో ఇష్టమైన బొమ్మ అది. ఆ చిరుతను వేసి, గుండ్రటి గుర్తు నడుమ ఎరుపు పెట్టారంటే మాత్రం రెండు దేశాల యుద్ధం కలగాపులగం అయినట్టే.

ఇప్పటివరకు చెప్పినవి మన డబ్బుతో వచ్చి, మన పేరుతో ఇంగ్లండులో తయారైన విమానాలు. మన చేతులతో తయారైనది కూడా ఒకటి ఉంది. అది అత్తిబెలెకు గంటా గంటన్నర ప్రయాణంలోనే. వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త, అమెరికావాడు విలియం పాలీతో కలిసి, 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను నెలకొల్పాడు. దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ హయాంలో మైసూరు ప్రభుత్వం భూమి ఇచ్చి, వాటా తీసుకుంది. 1941 ఆగస్టులో అక్కడ జోడించిన హార్లో శిక్షణ విమానం ఎగిరింది. 1942 జూలైలో కర్టిస్ హాక్ యుద్ధవిమానం ఎగిరింది. భారతదేశంలో జోడించిన మొదటి యుద్ధవిమానం అదే. ఆ హాక్‌లు పూర్తయింది చాలా కొద్ది మాత్రమే. యుద్ధం తరుముకొచ్చి, ఆ కర్మాగారం కొత్తవి కట్టడం తగ్గించి మరమ్మతుల వైపు మళ్ళింది. సముద్రం మీద వాలే కాటలీనా విమానాలు మరమ్మతుకు వచ్చినప్పుడు వాటిని బెళ్ళందూరు చెరువులో దించేవారు. ఆ చెరువు కట్ట దాటి వెళ్ళే శ్రోతలు ఈ సంగతి గుర్తుంచుకోండి.

వేలమంది పనివారు ఆ కర్మాగారంలో రేకులు వంచి, మేకులు బిగించి, విమానం పనిని మొదటిసారి నేర్చుకున్నారు. యుద్ధం ముగిశాక, కాన్పూరులో పనికిరాకుండా వదిలేసిన లిబరేటర్ బాంబరు విమానాలను మళ్ళీ ఎగిరేలా చేసింది వారే. 1951లో వి. ఎం. ఘాటగే రూపకల్పన చేసిన హెచ్‌టీ-2, 1961లో మారుత్ జెట్ యుద్ధవిమానం ఆ చేతులలోనుంచే వచ్చాయి. విమానపురలోని హెచ్ఏఎల్ ప్రదర్శనశాలకు పిల్లలను తీసుకువెళ్తే ఆ వారసత్వం కంటితో చూడవచ్చు.

కాబట్టి శ్రోతలారా, బొమ్మ పూర్తయ్యాక పీట కింద ఒక చిన్న అట్టముక్క అతికించండి. విమానం పేరు, ఏడాది, దళం రాయండి. అంతటితో ఆపకండి. ఎవరి పేరుతో ఎగిరింది, ఎవరి శిస్తుతో కొన్నారు, ఎవరి చేతులు కట్టాయి అన్న మూడు మాటలు చేర్చండి. మైసూరు దళమైతే గండభేరుండం వేయండి. దాని పక్కనే ఆనేకల్లు రాగి చేనునూ తలచుకోండి. హైదరాబాదు దళమైతే తలపాగా వేయండి. నల్గొండ రైతును మరువకండి. బెంగళూరు హాక్ అయితే పనివారి పేర్లు అక్కరలేదు, బెంగళూరులో కట్టినది అని ఒక్క వాక్యం చాలు.

ఏలికల గుర్తులు విమానం మీద వాళ్ళే వేసుకున్నారు. మిగిలినవారి గుర్తు వేసే అవకాశం డెబ్భై ఎనభై ఏళ్ళ తర్వాత కుంచె పట్టిన మనకు వచ్చింది. అందుకు ఆరంగుళాల చెక్క, నాలుగు డబ్బాల రంగు, పది సాయంత్రాల ఓర్పు ఉంటే సరిపోతుంది.